సగం నింపిన పట్టిక



అడ్డంగా మూడు, నిలువుగా మూడు వరుసలుగా తొమ్మిది మళ్ళున్న పొలాన్ని ఊహించుకోండి. వేరుశనగ, జొన్న, కంది వేయాలి. ఏ అడ్డు వరుసలోనూ, ఏ నిలువు వరుసలోనూ ఒకే పైరు రెండుసార్లు రాకూడదు. మొదటి వరుసలో వేరుశనగ, జొన్న వేశాం. రెండో వరుస చివరి మడిలో కంది వేశాం. ఇక మొదటి వరుస చివరి మడిలో ఏం వేస్తాం? అడ్డంగా చూస్తే కందే వేయాలి. నిలువుగా చూస్తే కంది పనికిరాదు. ఎక్కడా నియమం తప్పలేదు, అయినా పని ఆగిపోయింది!

ఇటువంటి అమరికను లాటిన్ చదరం అంటారు. 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ గడుల్లో లాటిన్ అక్షరాలు వాడడంవల్ల ఆ పేరు వచ్చింది. పొలంలో ఒక పక్క సారం ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటుంది కదా. ఆ తేడావల్ల ఏ రకానికీ అన్యాయం జరగకుండా పోల్చడానికి, 1920లలో ఇంగ్లండులోని రోథంస్టెడ్ క్షేత్రంలో ఫిషర్ ఈ చదరాలను వాడారు.

మరి సగం నింపిన పట్టికను ఎప్పుడు పూర్తి చేయగలం? పై వరుసలు కొన్ని తప్పులేకుండా పూర్తిగా నిండి ఉంటే, మిగిలినవి తప్పక నింపవచ్చునని 1945లో మార్షల్ హాల్ నిరూపించారు. గడులు అక్కడొకటి ఇక్కడొకటి నిండి ఉంటేనే చిక్కు. వరుసకు ఎన్ని గడులున్నాయో అంతకు ఒకటి తక్కువగా, నియమం తప్పకుండా నింపితే, పట్టిక ఎప్పుడూ పూర్తవుతుందని 1960లో ట్రెవర్ ఎవాన్స్ ఊహించారు. దానికి స్మెటానియుక్ రుజువు చూపేసరికి 1981 వచ్చింది. అంటే మన పొలంలో రెండు మళ్ళ వరకు భయం లేదు. మూడో మడి దగ్గరే జాగ్రత్త పడాలి. అంతకుమించి నిండిన పెద్ద పట్టికల సంగతి తేల్చడం అతి కఠిన సమస్యల కోవలోనిదని 1984లో కోల్‌బోర్న్ చూపారు. అన్నిటికీ పనికివచ్చే చురుకైన పద్ధతి కంప్యూటరుకూ ఇంతవరకు దొరకలేదు.

ఈ కథలో మన సరిహద్దు మనిషి ఒకరున్నారు. సి.ఆర్. రావుగారు 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పుడది మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లా. 1953లో ఆ ఊరు మైసూరు రాష్ట్రంలో చేరింది, నేడు కర్ణాటకలో ఉంది. ఆయన వాల్తేరులో గణితం, కలకత్తాలో గణాంకశాస్త్రం చదివారు. ఈ చదరాల ఆలోచనను విస్తరించి 1940లలో ఆర్థోగొనల్ ఎర్రేలు అనే పట్టికలు రూపొందించారు. ఎన్నో అంశాలను కొద్ది ప్రయోగాలతోనే పరీక్షించేందుకు తర్వాత ఫ్యాక్టరీలు వాటిని వాడుకున్నాయి. రావుగారు 2023లో కన్నుమూశారు.

మీ పిల్లలు బడిలో కన్నడం చదివినా, తమిళం చదివినా, ఒడియా చదివినా, ఈ సాయంత్రం పలక మీద పదహారు గడులు గీసి ఇవ్వండి. క, చ, ట, త అక్షరాలతో ఏవైనా మూడు గడులు, నియమం తప్పకుండా, మీరు నింపండి. మిగతా పదమూడూ వాళ్ళను నింపమనండి. కుదరదని వాళ్ళు పలక తిరిగి ఇస్తే తీసుకోకండి. కుదిరి తీరుతుంది.