చక్రాల మీద నడిచే ఇల్లు – కొంత చరిత్ర, కొంత అనుభవం



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను చరిత్రకారుడిని కాను. ముప్పై మూడేళ్ళు ఒక డివిజను కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. సర్వీసులో ఎక్కువ కాలం నా బల్ల మీద ఉన్నవి జీపుల లాగ్ బుక్కులు, రిపేరు బిల్లులు, టైర్ల ఇండెంట్లు. కనుక బండ్ల గురించి నాలుగు మాటలు వ్రాయడానికి నాకు కొంత అర్హత ఉన్నదనుకుంటున్నాను. అయితే ఈ వ్యాసం వెనుక మా ఇంటి సంగతి ఒకటున్నది. ముందు అది చెప్పి తరువాత చరిత్రలోకి వస్తాను.

2015లో మేమిద్దరం ఒక యాత్రా బస్సులో కాశీ, ప్రయాగ చూడడానికి వెళ్ళాము. మా ఆవిడకు మధుమేహం, మోకాళ్ళ నొప్పులు. బస్సు ఎక్కడ ఆగుతుందో, ఆగినచోట ఆడవారికి సదుపాయం ఉంటుందో లేదో తెలియక, ఆవిడ తెల్లవారింది మొదలు రాత్రి బస చేరేదాకా మంచినీళ్ళు ముట్టడం మానేసింది. ఆ సంగతి నాకు చెప్పలేదు. ఐదవ రోజున చలిజ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షను అని డాక్టరుగారు చెప్పి మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికి వచ్చాక ఆవిడ అన్న మాట ఒక్కటే. "ఇకమీదట నన్ను ఎక్కడికీ రమ్మనకండి." 2017లో బరంపురంలో ఉన్న వాళ్ళ అక్కగారికి జబ్బు ముదిరిందని కబురు వచ్చింది. వెళ్ళాలా వద్దా, దారిలో ఎలాగ అని రెండు రోజులు తటపటాయించింది. మూడవ రోజున అక్కగారు పోయారని ఫోను వచ్చింది. చివరి చూపు దక్కలేదు. ఆవిడ ఏడుస్తుంటే ఓదార్చడానికి నాకు మాట దొరకలేదు.

2019లో మా అబ్బాయి బలవంతం మీద అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి వెళ్ళాము. వాడు తన స్నేహితునితో కలిసి పదిహేనేళ్ళ పాత మోటర్‌హోమ్ ఒకటి కొని ఇంటి పక్కన నిలబెట్టాడు. మనం మోటారు ఇల్లు అనుకోవచ్చు. ట్రక్కు చట్రం మీద ఇరవై నాలుగడుగుల ఇల్లు. అందులో మంచం, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి అన్నీ ఉన్నాయి. "అమ్మ ఇందులో వస్తుంది నాన్నా" అన్నాడు. ఆవిడ మాత్రం దానికేసి చూసి ఊరుకున్నది.

ఇక చరిత్ర. ఇంటిని వెంట తీసుకువెళ్ళాలన్న ఆలోచన మోటారు పుట్టకముందునుంచే ఉన్నది. మనవారిలో చెప్పాలంటే ఏనుగుల వీరాస్వామయ్యగారిని తలచుకోవాలి. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఆయన ఒక విధంగా మన ఉద్యోగవర్గానికి పెద్దన్నగారు. 1830 మే నెలలో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి వెళ్ళి, పూరీ, కోస్తా జిల్లాల మీదుగా 1831 సెప్టెంబరుకు మద్రాసు తిరిగి చేరారు. పల్లకీలు, డేరాలు, వెంట సుమారు నూరుమంది. ఏ మజిలీకి ఎంత దూరం, ఎక్కడ నీళ్ళ వసతి ఉన్నది, ఎక్కడ సరుకులు దొరుకుతాయి అన్నది పట్టుదలగా వ్రాసిపెట్టారు. 1838లో అచ్చయిన ఆ 'కాశీయాత్ర చరిత్ర' చదివితే, ప్రయాణంలో సుఖమన్నది పల్లకీలో కంటె ఆ వ్రాతలోనే ఎక్కువగా ఉన్నదని నాకు అనిపిస్తుంది.

కేవలం విహారం కోసం చక్రాల ఇల్లు కట్టించుకున్న తొలివారిలో ప్రసిద్ధుడు గార్డన్ స్టేబుల్స్ అనే డాక్టరు. బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసి మానుకున్న స్కాట్లండు మనిషి, పిల్లల కథల రచయిత. 1885లో బ్రిస్టల్‌లోని బండ్ల కర్మాగారంలో 'వాండరర్' అనే రెండు గుర్రాల బండిని చేయించుకుని, ఇంగ్లండులోని ట్వైఫర్డ్ నుంచి స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా వెళ్ళాడు. ఇరుకు రోడ్లలో ఎదురు బండ్లను హెచ్చరించడానికి ఆయన సేవకుడు మూడు చక్రాల సైకిలు మీద ముందు నడిచేవాడట. ఆ బండిని ఈనాటికీ భద్రపరచి ఉంచారు. ఆ విహారం మీద మోజు పెరిగి 1907లో బ్రిటనులో కారవాన్ క్లబ్బు ఏర్పడింది.

మోటారు వచ్చాక 1910లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో పియర్స్ యారో సంస్థ 'టూరింగ్ లాండో' అనే కారును పెట్టింది. వెనుక సీటు వాలిస్తే మంచం. డ్రైవరు సీటు వెనుక మడిచి దించే వాష్‌బేసిన్. డ్రైవరుతో మాట్లాడడానికి టెలిఫోను. అన్నిటికన్నా ముఖ్యం, అందులో మలమూత్ర విసర్జనకు పాత్ర కూడా అమర్చారు. ఇది చదివినప్పుడు, మా ఆవిడ బాధను నూరేళ్ళ క్రితమే ఎవరో గుర్తించారు గదా అనుకున్నాను. కాని ఆ కారు కోటీశ్వరులకే అందేది.

ఆ తరువాత హెన్రీ ఫోర్డు, థామస్ ఎడిసన్, టైర్ల ఫైర్‌స్టోన్ కలిసి 1924 వరకు వేసవుల్లో అడవుల్లో విడిది చేసేవారు. వారి వెంట వంట ట్రక్కు ఒకటి నడిచేది. ఎడిసన్ బ్యాటరీలతో డేరాలకు విద్యుద్దీపాలు పెట్టించేవాడు. అంత గొప్పవారికీ అడవిలో కావలసినవి వంట, వెలుతురు, చల్లటి నీళ్ళే.

చల్లదనం సంగతి విచిత్రమైనది. 1922లో స్టాక్‌హోమ్‌లో ఫాన్ ప్లాటెన్, మంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు, కదిలే భాగమేదీ లేకుండా కేవలం వేడితో నడిచే ఫ్రిజ్‌ను కనిపెట్టారు. క్రింద చిన్న మంట వెలుగుతుంటే పైన చల్లబడుతుంది. లోపల అమ్మోనియా, నీరు, హైడ్రోజను తిరుగుతుంటాయి. కరెంటు లేనిచోట గ్యాసుతోనే నడుస్తుంది గనుక చక్రాల ఇళ్ళకు అది వరమైంది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఈ సుఖం సామాన్యులకు చేరువైంది. 1951లో జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో అమర్చడానికి, అక్కరలేనప్పుడు తీసివేయడానికి వీలైన మంచము, బీరువాల సామాను తయారుచేసింది. వారమంతా సరుకుల బండి, ఆదివారం ఇల్లు అన్నమాట. మనవైపు 1982లో నందమూరి తారక రామారావుగారు పాత షెవర్లే వ్యానును మార్పించి, 'చైతన్య రథం' అని పేరు పెట్టి రాష్ట్రమంతా తిరగడం మనలో చాలామందిమి కళ్ళారా చూశాము. అమెరికాలో 1958లో, మా అబ్బాయి ఉండే మిషిగన్‌లోనే, బ్రౌన్ సిటీ అనే చిన్న ఊళ్ళో రే ఫ్రాంక్ అనే ఆయన తన కుటుంబం కోసం మోటారు ఇల్లు కట్టుకున్నాడు. అది చూసినవారు మాకూ కావాలనగా వ్యాపారంగా మారింది. 'మోటర్ హోమ్' అన్న పేరు ఆయన పెట్టినదేనంటారు. 1966లో అయోవా రాష్ట్రంలోని విన్నిబాగో సంస్థ వీటిని పెద్దయెత్తున చౌకగా తయారు చేయడం ప్రారంభించింది. 1973లో చమురు సంక్షోభం వచ్చి ఈ పరిశ్రమ బాగా దెబ్బతిన్నది గాని, మళ్ళీ నిలదొక్కుకున్నది.

బండిని మెరుగుపరచుకోవడంలో రచయితలూ తక్కువవారు కారు. జాన్ స్టెయిన్‌బెక్ 1960లో ట్రక్కు మీద గది కట్టించుకుని అమెరికా చుట్టి వచ్చాడు. మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టలో బట్టలు, నీళ్ళు, సబ్బు వేసి రబ్బరు తాడుతో వేలాడదీస్తే, బండి కుదుపులకు సాయంత్రానికి అవే ఉతుకుడయ్యేవట. మా ఆవిడ ఈ ఒక్క సంగతికి నవ్వింది.

చరిత్ర చెప్పే మాట ఇది. బండి కొనడంతో సుఖం రాదు. దానిని రోజూ కనిపెట్టి చూసుకోవడంతో వస్తుంది. మా అబ్బాయి బండిలో మొదటిసారి నీళ్ళు నింపగానే సింకు క్రింద గొట్టం చీలి గది తడిసింది. మిషిగన్ చలికాలంలో నీళ్ళు గడ్డకట్టి గొట్టాలను పగులగొడతాయి. చలి రాకముందే నీళ్ళన్నీ తీసివేసి, గొట్టాల్లో గడ్డకట్టని గులాబీరంగు ద్రవం నింపాలి. వెనుకటి యజమాని ఆ పని చేయలేదు. ఆ సాయంత్రమే నేను ఒక నోటుబుక్కు తీసి గళ్ళు గీశాను. తేదీ, వస్తువు, చేసిన పని, అయిన ఖర్చు, మళ్ళీ చూడవలసిన తేదీ, రిమార్కులు. "నాన్నా, మళ్ళీ ఆఫీసు తెరిచారా!" అన్నాడు మా వాడు.

రెండు నెలల్లో ఆ పుస్తకం మాకు నేర్పినవి ఇవి. పైకప్పు అతుకుల్లోని లప్పం ఏడాదికి రెండుసార్లు చూడాలి. అక్కడ దారమంత సందు పడినా గోడ లోపల చెక్క కుళ్ళుతుంది. టైరు అరుగుదల మాత్రమే చూస్తే చాలదు, వయస్సు చూడాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2318 అంటే 2018వ సంవత్సరం ఇరవై మూడవ వారంలో తయారైనదని అర్థం. మా బండికి మూడు టైర్లు చూడడానికి కొత్తవే గాని వయస్సు పదేళ్ళు దాటింది. మార్పించాము. బ్యాటరీని సగం కంటె దిగనీయకూడదు, డిస్టిల్డ్ వాటర్ చూస్తుండాలి. మన ఇన్వర్టరు బ్యాటరీ బాధ్యతే. పాత బల్బులు తీసి ఎల్.ఇ.డి.లు పెడితే బ్యాటరీ ఎక్కువసేపు నిలిచింది. మరుగుదొడ్డి ట్యాంకు గొట్టాన్ని ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు. నీరు పోయి గట్టిది మిగిలిపోతుంది. బాగా నిండాక ముందు దానిని ఖాళీ చేసి, తరువాత సబ్బునీళ్ళ ట్యాంకు వదిలితే గొట్టం తనంతట కడుగుడవుతుంది. మా ఆవిడ కోసం ద్వారం దగ్గర పట్టుకునే కడ్డీ, ఇంకొక మెట్టు వేయించాము. గిన్నెలు గలగలమనకుండా అల్మారాలలో రబ్బరు పట్టాలు పరిచాము.

ఆ సెప్టెంబరులో ఉత్తరానికి బయలుదేరాము. మొదటి రెండు రాత్రులు వాలునేల మీద నిలిపితే ఫ్రిజ్ చల్లబడక పెరుగు పులిసిపోయింది. ఆ మంటతో నడిచే ఫ్రిజ్ సమంగా లేకపోతే లోపలి ద్రవం సరిగా పారదట. అప్పటినుంచి తాపీమేస్త్రీలు వాడే రసమట్టం వంటగట్టు మీద పెట్టి, చక్రాల క్రింద దిమ్మలు వేసి, బుడగ మధ్యకు వచ్చాకనే పొయ్యి వెలిగించాము.

మూడవ రోజున 1957లో కట్టిన మాకినా వంతెన దాటాము. దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వంతెన, క్రింద సముద్రం వంటి సరస్సు. అందరం బయటికి చూస్తుంటే మా ఆవిడ నా భుజం తట్టి, "ఏమండీ, ఒక గ్లాసు మంచినీళ్ళివ్వండి" అన్నది. ప్రయాణంలో ఆవిడ నోట ఆ మాట విని నాలుగేళ్ళయింది. గ్లాసు నిండా ఇచ్చాను. వంతెన దాటాక మా వాడు విశ్రాంతి స్థలంలో బండి ఆపాడు. ఆవిడ కడ్డీ పట్టుకుని తన పని తాను చూసుకుని వచ్చి, "పద" అన్నది. తొమ్మిది రోజులు తిరిగాము.

మనకు మోటారు ఇళ్ళు కొనే స్తోమతు లేదు, అవసరమూ లేదు. కాని ఆ నోటుబుక్కు పద్ధతి మనదే. తిరిగి వచ్చాక బరంపురం దారిలో ఎక్కడెక్కడ శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్నదో, ఎన్ని కిలోమీటర్లకో విచారించి వ్రాసుకున్నాను. మడిచే కమోడు కుర్చీ ఒకటి కొన్నాను. 2022లో అద్దె కారులో, గంటన్నరకొకసారి ఆగుతూ, ఆవిడ అక్కగారి మనుమరాలి పెళ్ళికి వెళ్ళాము. అక్కగారి ఫోటోకు దండ వేసి ఆవిడ చాలాసేపు అక్కడే కూర్చున్నది. నేను పిలవలేదు.

చివరగా మన సంఘానికి ఒక మనవి. సంఘం తరఫున యాత్రలకు బస్సు మాట్లాడేటప్పుడు అద్దె ఒక్కటే బేరమాడి ఊరుకోవద్దు. టైర్ల మీది నాలుగంకెలు చదవండి. మెట్టు ఎత్తు చూడండి. రెండు గంటలకు మించకుండా ఆగేచోట్ల జాబితా ముందుగా తయారుచేసి, ప్రతి సభ్యురాలి చేతికీ ఇవ్వండి. నోరు తెరిచి అడగలేనివారు అడగనక్కరలేకుండా చేయడమే సుఖప్రయాణం. ఆ జాబితా వ్రాసే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను. గళ్ళు గీసిన రిజిస్టరు ఇప్పటికే సిద్ధంగా ఉన్నది.

సెలవు.