ఉట్నూరు గోడలు

గ్రంథములోని బొమ్మను కోరినవాడు తెఱచి చూచును. వీథిగోడమీది బొమ్మను కోరకున్నను దారిని పోవువారెల్లరు చూడవలసినదే. కావున ఊరిగోడపై ఎవరి రూపము వ్రాయవలెను, దానిని ఎవరు నిర్ణయింపవలెను అను ప్రశ్న, రంగులు కలుపు పనివానితోనే తీరునది కాదు.

ఆదిలాబాదు జిల్లాలోని ఉట్నూరు చిన్న పట్టణము. గోండు రాజుల కోట శిథిలములు అచట నున్నవి. 1751లో చాందా గోండు రాజ్యము నాగపురపు భోంసలే వశమైన పిదప ఈ సీమలోని గోండు ప్రభువుల అధికారము క్రమముగా క్షీణించెను. నేడు ఆ పట్టణమునకు పేరు తెచ్చుచున్నది కోట గాదు, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయము. తెలంగాణములో ఇటీవల కార్యాలయముల ప్రహరీలకును, పాఠశాలల గోడలకును, వంతెనల స్తంభములకును రంగుల బొమ్మలు వ్రాయించు వాడుక ప్రబలినది. గిరిజనుల పేరు వచ్చిన చోటనెల్ల ఆ బొమ్మలు దాదాపు ఒకే తీరుగా నుండును: కొమ్ములు చెట్టుకొమ్మలై విస్తరించిన జింక, ఒడలెల్ల చుక్కలతోను గీతలతోను నిండిన పక్షి. వీనిని గోండు చిత్రములందురు. మన చదువరులలో కొందఱు తమ యింట అట్టి పటమును తగిలించియే యుందురు.

ఆ జింక సుందరమైనదే. కాని అది ఉట్నూరు అడవిలోనిది కాదు. దాని పుట్టినిల్లు మధ్యప్రదేశములోని పాటన్‌గఢ్ అను గ్రామము. అచటి ప్రధానులు గోండుల వంశగాథలను ‘బానా’ యను తంత్రీవాద్యముపై పాడి జీవించినవారు. వారి స్త్రీలు ఇంటిగోడలను మట్టితో అలికి ‘డిగ్నా’ యను ముగ్గులు తీర్చుచుండిరి. ఆ కులమున జన్మించిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ యింటిగోడలపై వ్రాసిన బొమ్మలను 1981లో చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందము కనుగొనెను. 1982లో ప్రారంభమైన భోపాలులోని భారత్ భవన్ ఆతనికి ఆశ్రయ మిచ్చెను. ఆ యువకుడు కాగితము మీదను, వస్త్రము మీదను, తుదకు మధ్యప్రదేశ శాసనసభాభవనపు గోడల మీదను తన దేవతలను నిలిపెను. 1989లో పారిస్ నగరపు ప్రదర్శనలో ఆతని చిత్రములు చేరెను. 2001లో జపాను దేశములో నొక మ్యూజియమున పనిచేయుచుండగా ఆతడు బలవన్మరణము నొందెను. ఇపుడు దేశమంతట గోండు చిత్రమని చెలామణి యగుచున్నది ఈ యొక్క ప్రతిభావంతుని చేతిలో రూపుదాల్చి, ఆతని బంధువులు, శిష్యులు పెంపొందించిన శైలియే. పోషకులు తగ్గిన గాయకకులము పాటను బొమ్మగా మార్చుకొని బ్రతికినదని విమర్శకులు చెప్పుట యుక్తముగానే యున్నది.

మన సీమలోను ప్రధానులు కలరు. వీరును గోండుల గాథాగాయకులే. వీరి చేతిలోనిది ‘కికిరి’ వాద్యము. పెర్సాపేన్ పూజలయందు గోత్రపు పుట్టుపూర్వోత్తరములను పాడుట వీరి వృత్తి. అయినను ఇచట పాట పాటగానే యుండెను, రంగులోనికి దిగలేదు. 1940ల దశకములో పాటన్‌గఢ్‌లో వెరియర్ ఎల్విన్ నివసించుచుండగా, మన మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతులు గుడిసె వేసికొని యుండిరి. హైమన్‌డార్ఫ్ ఆదిలాబాదు రాజ్‌గోండులను గూర్చి 1948లో ప్రకటించిన గ్రంథమునకు ప్రధానుల గానమే ముఖ్యాధారములలో నొకటి. ఒకే వంశవృక్షపు రెండు కొమ్మలు ఇట్లు వేఱు దారులు తొక్కినవి. పేరొకటియే గదా యని ఒకరి బొమ్మను మఱియొకరి గోడకు అంటించుట, తెలుగువారి పెండ్లిపందిటికి బెంగాలీల ఆల్పన తీర్చి ఇదియే మన ముగ్గు అనుట వంటిది.

మఱి ఈ సీమకు స్వంతమైన రూపకళ లేదా? జైనూరు మండలములోని ఉషేగాము ఓజాలు మట్టి అచ్చుపై మైనపు తీగలు చుట్టి, దానిపై మరల మట్టి మెత్తి, కాల్చి, మైనము కరగిన సందులో ఇత్తడి పోయుదురు. ఆదిలాబాదు డోక్రా యను ఈ పనికి 2018లో భౌగోళిక సూచిక లభించెను. ఇక గుస్సాడీ. నెమలిపింఛముల కిరీటము, భుజమున జింకతోలు, ఒడలిపై బూడిద, చేత కోల. దీపావళి దండారి దినములలో ఆ వేషము ధరించినవారు దీక్ష ముగియువఱకు స్నానము చేయరు, మంచ మెక్కరు. వారికది వినోదవేషము కాదు, దైవసన్నిధి. మార్లవాయి వాసి కనకరాజు గారు ఈ నాట్యమునకై 2021లో పద్మశ్రీ నొందిరి, 2024లో స్వర్గస్థులైరి. అట్టి దీక్షారూపమును బస్సుల నిలయముకడ, తమలపాకు ఉమ్ములు పడు చోట వ్రాయించునపుడు గూడెపు పెద్దల నొకమాట అడుగుట మర్యాద. మన గుడిలోని మూర్తిని అచట వ్రాయించిన మనము ఊరకుందుమా?

గోడలు చెప్పవలసిన కథలు వేఱుగా నున్నవి. భూమిపై, అడవిపై హక్కునకై పోరిన కొమరం భీము 1940లో జోడేఘాటు కొండలలో నిజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. ఆ కలవరము తరువాతనే ప్రభుత్వము హైమన్‌డార్ఫ్‌ను ఈ సీమకు పంపెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణాలయము వెలసెను. భీము నేడు ప్రభుత్వమునకు గూడ పూజ్యుడు. 2016లో జిల్లా కొకదానికి ఆతని పేరిడిరి, జోడేఘాటులో మ్యూజియము తెఱచిరి. ఆతని బొమ్మ వ్రాయుట సులభము.

ఇంద్రవెల్లి అంత సులభము కాదు. 1981 ఏప్రిలు 20వ తేదీ, సోమవారము, సంతదినము. భూసమస్యపై సభకు వచ్చిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రభుత్వపు లెక్కకు మృతులు 13 మంది. ప్రజల లెక్క అంతకు ఎన్నో రెట్లు. వారి జ్ఞాపకార్థము లేచిన స్తూపమును 1986లో కూల్చిరి. 1987లో గిరిజనాభివృద్ధి సంస్థయే దానిని మరల నిలిపెను. అటుపిమ్మట ఎన్నో సంవత్సరములు ఆ దినమున అచట గుమికూడుటకే నిషేధాజ్ఞలు అమలయ్యెను. చనిపోయినవారి బిడ్డలు స్తూపముకడకు పోయి పువ్వుంచుటకు వీలులేని కాలములో, వారి నాట్యభంగిమలు ప్రభుత్వోత్సవములలో ప్రదర్శింపబడుచుండెను. మెక్సికో దేశములో విప్లవానంతరము 1920ల దశకమున డియేగో రివేరా విద్యామంత్రిత్వ భవనపు గోడలపై గని కూలీలను, భూమి పంపకమును చిత్రించెను. గోడలు ప్రభుత్వమువే, అయినను బొమ్మలు కష్టజీవుల కథను దాచలేదు.

వ్యయమునకు వెఱచువారికి ఒక మాట. ఇచట సంవత్సరమునకు వేయి మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. ఆరుబయటి చౌకరంగు కొలది వానకాలములకే వెలిసిపోవును. లేపాక్షి చిత్రములు నేటికిని నిలుచుటకు అవి మంటపపు కప్పుక్రింద నుండుటయు నొక హేతువు. గూడెపు ఆడువారికి ఈ సంగతి క్రొత్త కాదు. పండుగ వచ్చినపుడు వారు మట్టిగోడను మరల అలుకుదురు. పట్టణపు గోడను గూడ వానకాలము వెళ్లినపిమ్మట పాఠశాల బాలబాలికలచేత, వారి యవ్వల చెప్పిన కథలతో, మరల వ్రాయింపవచ్చును. కెస్లాపురములో మెస్రం వంశీయులు తమలో తాము చందాలు పోగుచేసికొని నాగోబా గుడిని క్రొత్తగా కట్టుకొన్నారు. ఏది ఎట్లుండవలెనో నిశ్చయించుకొను శక్తి వారికి లేదని ఎవరనగలరు?

నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండీ భాషకు స్వంతలిపిలో వ్రాసిన పాతప్రతులు దొరకినవి. 2018లో ఆ లిపి యూనికోడులో చేరినది గనుక ఇపుడు యంత్రములపై గూడ వ్రాయవచ్చును. బొమ్మలకు రంగు సమకూర్చు కార్యాలయములు ఆ బొమ్మల క్రింద పేర్లను ఆ లిపిలో వ్రాయింపవచ్చును. గుంజాల ఉట్నూరునకు ఎంతో దూరము కాదు.