చాళుక్య విక్రమ వర్షము: యాదగిరి సీమ కాలగణనము

యాదగిరిగుట్టకు నైరృతి దిక్కున భువనగిరి దుర్గమును, ఈశాన్యమున నాలేరు చెంతఁ గొలనుపాకయు నున్నవి. కొలనుపాక కల్యాణి చాళుక్యుల నాఁటి కొల్లిపాక యేడువేల సీమకు ముఖ్యస్థానము. భువనగిరి నామము ఆఱవ విక్రమాదిత్యుని బిరుదమగు త్రిభువనమల్ల శబ్దమునుండి వచ్చినదని ప్రతీతి. ఈ విక్రమాదిత్యుఁడే క్రీ. శ. 1076లో రాజ్యమునకు వచ్చి, శాసనములందు నంతవఱకు వ్యవహారమున నున్న శకవర్షమును త్రోసిపుచ్చి, చాళుక్య విక్రమ వర్షమను నూతన గణనమును బ్రవర్తింపఁజేసెను.

రాజులు తమ యేలుబడి యేండ్లను లెక్కించుకొనుట ప్రాచీనాచారమే. కాని వేయేండ్లకు సమీపించుచున్న శకమును దొలఁగించి, దాని స్థానమునఁ దన పేరు నిలుపఁబూనుట సామాన్యసాహసము గాదు. పూర్వరాజుల కీర్తి యింకను గాలమునకు గుఱుతై యుండనేల యను భావము ఒకానొక కన్నడ శాసనమునఁ గానవచ్చుచున్నది.

అయినను రాజు మార్చినది అంకె యొక్కటియే. చైత్రాదిమాసములు, పక్షములు, తిథివారములు, ప్రభవాది సంవత్సరనామములు యథాతథముగ నిలిచెను. పంచాంగమును గదలించుట యాతని తరము గాదు. బహుశః కదలింపఁ దలఁపనులేదు. ఈ నిలుకడయే నేఁటి పరిశోధకునకు శరణ్యము. నూతన గణనమున మొదటి యేఁడు శకము 998, నల సంవత్సరము. హనుమకొండ పద్మాక్షి గుట్టమీఁద రెండవ ప్రోలరాజు కాలపు శాసనమొకటి 42వ చాళుక్య విక్రమ వర్షమును, హేవిళంబి నామమును జెప్పుచున్నది. అఱువది వత్సరములలో నలము ఏఁబదియవది. దానికి 41 కూర్చి 60 తీసివేసిన 31 మిగులును, ముప్పదియొకటవది హేవిళంబియే. కావున నది క్రీ. శ. 1117 అని నిస్సంశయముగఁ జెప్పవచ్చును. పేరు మాత్రము విని యిది యుత్తరదేశపు విక్రమశకమని భ్రమించినచోఁ గాకతీయ ప్రోలుఁడు క్రీస్తునకుఁ బూర్వుఁడగును! మఱియొక జాగ్రత్తయు వలయును. 1075 కలిపిన క్రీస్తుశకము వచ్చునను సూత్రము చైత్రము మొదలుకొని సరిపోవును గాని, మాఘ ఫాల్గునములకు 1076 కలుపవలెను.

విక్రమాదిత్యుఁడు 1126లో గతించెను. ఆతని కుమారుఁడు మూఁడవ సోమేశ్వరుఁడే తండ్రి గణనమును విడిచి, తన భూలోకమల్ల బిరుదమున భూలోక వర్షమును లెక్కింపసాగెను. తండ్రి చూపిన దారియే తండ్రి కెదురయ్యెను. ప్రోలరాజు పుత్రుఁడగు రుద్రదేవుఁడు 1163లో వేయిస్తంభముల గుడి శాసనమును వ్రాయించునప్పటికి శకము 1084, చిత్రభాను సంవత్సరమని పాత లెక్కయే మరల వచ్చినది. చాళుక్యుల యధికారము సడలినదనుటకు నా తేదీయే సాక్ష్యము.

ఈ సీమకు మఱియొక రాజకీయగణనము ఫసలీ. హిజరీ వత్సరము 354 దినములది; సౌరవత్సరముకంటె నించుమించు పదునొకండు దినములు కొఱఁత. పంటకాల మొకటియు, పన్నుకాల మొకటియు నగుటచే అక్బరు పాలనమున సౌరమానముతో ఫసలీ యేర్పడెను. నిజాము రాజ్యమున ఆజురు మొదలు ఆబాను వఱకుఁ గల పారసీకమాసములతో నల్లగొండ కచేరీలలో నది నడచెను. 1948 పిదప నా మాసములు మఱపునఁ బడినను, జమాబందిలో ఫసలీ యను మాట నేఁటికిని మిగిలియున్నది.

యాదగిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవములు మాత్రము ఫాల్గున శుద్ధ విదియనాఁ డారంభమగుచున్నవి. స్వామి జన్మనక్షత్రమగు స్వాతి వచ్చినప్పుడెల్ల విశేషపూజ జరుగుచున్నది. అది యే రాజు వర్షమునందు వచ్చినదని యర్చకుఁ డడుగఁడు.