వాణిజ్యాధికారుల విధులకు ఆటంకం: చట్టాల చరిత్ర

సుంకాలు వసూలు చేసే, సరకు తనిఖీ చేసే ప్రభుత్వోద్యోగుల పనికి అడ్డుపడటాన్ని, వారిని బెదిరించడాన్ని నిరోధించే చట్టాలివి. నేటి బాపట్ల జిల్లా తీరంలో ఈ చరిత్ర మోటుపల్లి, నిజాంపట్నం రేవులతో ముడిపడి ఉంది.

అభయశాసనాలు

తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వరాజులు బలవంతంగా లాక్కునేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి శాసనంతో ఆ పద్ధతి మాన్పించి, ముప్పయ్యో వంతు సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని ఉదారంగా ప్రకటించాడు. 1358లో అనపోతారెడ్డి కూడా అక్కడే వర్తకులకు అభయమిచ్చాడు. ఈ శాసనాలు అదుపు చేసింది అధికారాన్నే.

బందరు ఘటన

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’, నిజాంపట్నానికి (నాటి పెటపోలి) వచ్చి, అక్కణ్ణుంచి బందరు చేరింది. అందులోని డచ్చి వర్తకుడు పీటర్ ఫ్లోరిస్ 1614 నవంబరులో, బందరు అధికారుల నుంచి బాకీలు రాబట్టుకోలేక, సుంకపు చావడిలో ఉన్న స్థానిక అధికారి కొడుకు వేంకటాద్రిని పట్టుకుని ఓడెక్కించాడు. బ్రాహ్మణుడైన వేంకటాద్రి ఓడలో అన్నం, నీళ్ళు ముట్టలేదు. అతని బదులు ఉపవాసం ఉండేందుకు ఇద్దరు పెద్దమనుషులు వస్తే వదిలేస్తానని ఫ్లోరిస్ కబురంపాడు, ఎవరూ రాలేదు. బాకీ వ్యవహారం తేలాకే విడిచిపెట్టాడు. ఈ వివరాలన్నీ ఫ్లోరిస్ సొంత దినచర్యలోవే.

తర్వాతి రెండున్నర శతాబ్దాల్లో గోల్కొండ, మొగలు, నిజాం పాలనలు గడిచి సుంకాధికారం ఆంగ్లేయుల వశమైంది.

ఆధునిక చట్టాలు

1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత శిక్షాస్మృతి ఉద్యోగికి స్పష్టమైన రక్షణ కల్పించింది. విధులకు ఆటంకపరిస్తే 186వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, బెదిరిస్తే 189 కింద, దౌర్జన్యం చేస్తే 353 కింద రెండేళ్ళ వరకు జైలు విధించే వీలుండేది. 1962 కస్టమ్స్ చట్టంలోనూ 133వ సెక్షన్ ఆటంకాన్ని నేరంగా పేర్కొంది. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారత న్యాయ సంహితలో 186, 189, 353 సెక్షన్లు వరసగా 221, 224, 132 సెక్షన్లయ్యాయి. ఆటంకానికి జరిమానా గరిష్ఠ పరిమితి రూ.500 నుంచి రూ.2,500కు పెరిగింది.

జీఎస్టీ చట్టం (2017) మొదట్లో అధికారిని అడ్డుకున్నవారికి ఆరు నెలల వరకు జైలు ఉండేది. 2023 అక్టోబరు 1 నుంచి ఆ నిబంధన తొలగింది. 122వ సెక్షన్ కింద కనీసం రూ.10,000 పెనాల్టీ మిగిలింది. చేయిచేసుకుంటే మాత్రం న్యాయ సంహిత వర్తిస్తుంది.