మగవాడి దుఃఖానికి మా భాషలో చోటుండేది

కొల్లేటికోట గురించి ఒక పాత కథ ఉంది. గజపతుల కోటను ముట్టడించడానికి తురకల సైన్యం వచ్చి చిగురుకోట దగ్గర దిగిందట. కొల్లేటి నీళ్లు అడ్డం నిలిచాయట. నీటిని సముద్రంలోకి తీసేందుకు కాలువ తవ్విస్తూ, ఒక సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడట. పేరంటాల కనమ అన్న పేరు అలా వచ్చిందంటారు. ఇది కథే, చరిత్ర కాదు. కాని ఇలాంటి కథలన్నిట్లో మా జాగా ఒక్కటే. గట్టుమీద గుడారాలేసుకున్న శత్రువులం మేము.

ఏలూరు తివాచీలు 1851లో లండన్ ప్రదర్శన దాకా వెళ్లాయి. వాటిని నేసిన సాయిబులు ఏ కథలోనూ కనిపించరు. మాకు చేతులుంటాయి, వాటిలో కత్తులుంటాయి. ఆ చేతులు నూలు పట్టాయని గాని, ఎవరి కన్నీళ్లయినా తుడిచాయని గాని ఎవరూ చెప్పరు.

ఈ సంగతి నన్ను మళ్లీ కుదిపింది మా భాంజీ వల్ల. ఏలూరులో డిగ్రీ చదువుతున్న పిల్ల. రాత్రిళ్లు ఫోన్లో జపాన్ బొమ్మల కథలు చదువుతోంది. ఇద్దరు కుర్రాళ్ల మధ్య ప్రేమ కథలు. అక్క కంగారుపడి నన్ను పిలిపించింది. నేను పత్రికలవాణ్ని కదా, నచ్చచెబుతానని ఆశ. ఆ పిల్ల భయపడలేదు. "మామూ, ముందు చదువు, తర్వాత తిట్టు" అంది. చదివాను.

అవి అల్లాటప్పా కథలు కావు. వాటి వెనక యాభై ఏళ్ల చరిత్ర ఉంది. మోటో హగియో అనే రచయిత్రి 1974లో 'థామస్ హృదయం' అనే బొమ్మల నవల ధారావాహికగా రాసింది. 1976లో కేయికో తకేమియా 'గాలీ చెట్ల పాట' మొదలుపెట్టింది. 1978 నాటికి ఇలాంటి కథలకే 'జూన్' అనే పత్రిక వచ్చింది. రాసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, చదివినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు.

'థామస్ హృదయం'లో జర్మనీలోని ఒక హాస్టలు బడి. థామస్ అనే అబ్బాయి చనిపోతాడు. అతని ప్రేమ ఉత్తరం యూలి అనే అబ్బాయికి అందుతుంది. యూలి వొంటిమీద మచ్చలున్నాయి, పెద్ద విద్యార్థి ఒకడు పెట్టిన హింస తాలూకు మచ్చలు. తను ప్రేమకు తగనని యూలి నమ్మకం. కొత్తగా వచ్చిన ఎరిక్, పాత స్నేహితుడు ఆస్కార్ అతన్ని వదిలిపెట్టరు. గాయం మాయమవదు. గాయపడటం తన తప్పు కాదని మాత్రం చివరికి అతను గ్రహిస్తాడు. మా భాంజీ మాటల్లో చెప్పాలంటే, "ఎవరూ బాగుచెయ్యరు మామూ, పక్కన కూర్చుంటారంతే."

ఆ మాట నాకు కొత్తగా తోచలేదు. ఎక్కడో విన్నదే. ఎక్కడని తవ్వుకుంటే మా ఇంట్లోనే దొరికింది.

దక్కన్ కవి సిరాజ్ ఔరంగాబాదీ పద్దెనిమిదో శతాబ్దం వాడు, 1763లో చనిపోయాడు. నూనూగు మీసాల వయసులోనే ఒక రకమైన తన్మయత్వం అతన్ని కమ్మేసింది. ఒంటిమీద స్పృహ లేక, ఖుల్దాబాద్‌లో బుర్హానుద్దీన్ గరీబ్ దర్గా చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాడు. 1747లో 'బోస్తానె ఖయాల్' అనే మస్నవీ రాశాడు. ఒక యువకుడి ఎడబాటులో పడ్డ వేదన అది. చివర ఆ వేదనంతా అల్లా ముందు దువాగా మారుతుంది. ఒక ముస్లిం, ఒక సూఫీ, మగవాడి కోసం ఏడ్చానని రాసుకుంటే ఆనాడు అది కవిత్వమైంది, నేరం కాలేదు.

మరి మాకెందుకు తెలియకుండా పోయింది? రెండు చేతులు దీన్ని చెరిపేశాయి. ఒకటి దొరది. 1860 శిక్షాస్మృతిలోని 377వ సెక్షను 1862 నుంచి అమల్లోకి వచ్చింది. రెండోది మాది. 1857 తర్వాత ఓడిన జాతి, దొర కళ్లతో తనను తాను చూసుకుని సిగ్గుపడింది. 1893లో హాలీ తన 'ముఖద్దమా'లో గజల్‌ని సంస్కరించమన్నాడు. ప్రియుడి మీద కవిత్వం మనకు తలవంపులన్నాడు. ఆయన దురుద్దేశంతో అన్లేదు. కాని గజల్ని కడిగేటప్పుడు మా మగవాళ్ల కన్నీళ్లు కూడా ఆ నీళ్లతోపాటే పోయాయి. సలీం కిద్వాయి అనే చరిత్రకారుడు, రూత్ వనితతో కలిసి 2000లో ఈ సాహిత్యాన్నంతా ఒకచోట చేర్చేదాకా నాలాటివాళ్లకు ఊసే లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడ్డ వయోజనుల విషయంలో ఆ 377ని కొట్టేసింది. చట్టం వదిలింది. సిగ్గు వదల్లేదు.

అన్నీ మెచ్చుకోవాలనీ కాదు. ఆ జపాన్ కథల్లో బలవంతాన్ని ప్రేమగా చూపించేవి బోలెడున్నాయి. వాటిలో మొహల్లా ఉండదు, మసీదు కమిటీ ఉండదు, అద్దెకు ఇల్లివ్వని ఓనరు ఉండడు. పాత ఉర్దూ కవిత్వంలోనూ మీసం రాని కుర్రాణ్ని పొగడటంలో వయసుకీ హోదాకీ ఉన్న అహం దాగుంది. దాన్ని వారసత్వమని నెత్తికెత్తుకోలేం. నేను అడిగేది ఒక్కటే. మగవాడి దుఃఖానికి మా భాషలో ఒకప్పుడు చోటుండేది. ఆ చోటు తిరిగి కావాలి.

ఎందుకు కావాలో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. 1998 ప్రాంతంలో ఏలూరులో నాతో డిగ్రీ చదివినవాడు కొల్లేటికోట వడ్డీల కుర్రాడు. మూడేళ్లు ఒకే గది. మా మధ్య ఉన్నదానికి మేం పేరు పెట్టలేదు. విడిపోయేనాడు ఒక ఉత్తరం రాసిచ్చాను, ఉర్దూలో. వాడికి అలిఫ్ కూడా రాదని తెలిసే రాశాను. అది నా పిరికితనం. 2006లో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు వాళ్ల చెరువూ పోయింది. నేను హైదరాబాదులో కూర్చుని వార్త రాశాను. మనిషి దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

భాంజీ ఫోను చదివిన వారానికి వెళ్లాను. పెద్దింట్లమ్మ గుడి దాటాక వాళ్లిల్లు. వాళ్లావిడ కొర్రమీను పులుసు పెట్టింది. తిన్నాక వాడు ట్రంకు పెట్టె తీసి ఆ ఉత్తరం నా చేతిలో పెట్టాడు. "ఎన్నాళ్లని దాచను సాయిబూ, ఇప్పుడైనా చదివి చెప్పు" అన్నాడు. గట్టుమీద కూర్చుని ఒక్కొక్క ముక్కా తెలుగులో చెప్పాను. నా గొంతు పూడుకుపోయినప్పుడల్లా వాడు ఆగాడు. తొందరపెట్టలేదు. అంతా విని, "అప్పుడే తెలుగులో రాసుంటే చదువుకునేవాణ్ని కదరా" అన్నాడు.

ఉర్దూ పత్రికకని మొదలుపెట్టిన ఈ వ్యాసాన్ని అందుకే తెలుగులో రాశాను.