జ్వరం తగ్గింది, వాడు మారాడు

పెద్ద జ్వరం వచ్చి తగ్గిన పిల్లవాడు అయినదానికీ కానిదానికీ తిరగబడుతుంటే మన పల్లెల్లో "గాలి సోకింది" అంటారు. తాయెత్తు కడతారు. వినుకొండ వాళ్ళయితే కొండమీది రామలింగేశ్వరుడికి మొక్కుకుంటారు. అప్పటికీ కుదరకపోతే తండ్రి చేతికి చింతబరికె వస్తుంది. తాయెత్తు వల్లా, మొక్కు వల్లా పిల్లవాడికి వచ్చే నష్టమేం లేదు. బరికె దగ్గరే అన్యాయం జరిగేది.

ఈ సంగతి వైద్యులకి బాగా తెలిసొచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో. 1917లో వియన్నాలో వాన్ ఎకొనొమో అనే డాక్టరు ఒక వింత నిద్రజబ్బుని వర్ణించాడు. మనుషులు జ్వరపడి, అన్నం తింటూ తింటూనే నిద్రలోకి జారిపోయేవాళ్ళు. పదేళ్ళపాటు దేశదేశాలూ తిరిగి ఆ జబ్బు దాదాపు మాయమైంది. బతికిన పెద్దవాళ్ళలో చాలామంది తర్వాత వణుకుడు రోగంతో కొయ్యబారిపోయారు. పిల్లల కథ వేరు. అంతకుముందు బుద్ధిమంతులనిపించుకున్నవాళ్ళే అబద్ధాలు, దొంగతనాలు, కొట్టడం, కరవడం మొదలెట్టారు. రాత్రంతా మెలకువ, పగలు నిద్ర. చిత్రమేమిటంటే, చేసినదానికి వాళ్ళే ఏడ్చేవాళ్ళు. ఏడ్చి, మళ్ళీ అదే చేసేవాళ్ళు. చాలామందికి తెలివితేటలు మాత్రం తగ్గలేదు. బుద్ధి వేరు, తెలివి వేరు అని మన భాషకి ఎప్పుడో తెలుసుగా! ఆ జబ్బుకి వైరసే కారణమని అప్పట్లో అనుమానించారు గానీ ఇప్పటికీ రుజువు కాలేదు.

అమెరికాలో బ్రాడ్లీ అనే ధనవంతుడి కూతురు ఎమ్మాకి ఏడేళ్ళప్పుడు మెదడువాపు వచ్చింది. ఆ దంపతులు రాసిచ్చిన ఆస్తితో 1931లో అలాంటి పిల్లల కోసం ఆసుపత్రి వెలిసింది. అక్కడి డాక్టరు చార్లెస్ బ్రాడ్లీ తలనొప్పికని బెంజిడ్రిన్ ఇస్తే, తలనొప్పి సంగతేమో గానీ కొందరు పిల్లలు కుదురుగా కూర్చుని లెక్కలు చేశారు. 1937లో ఆయన ఇది ప్రచురించాడు. పిల్లలే ఆ మందుకి లెక్కల బిళ్ళలని పేరు పెట్టారట.

మన దగ్గర రుజువైన వైరస్ మరొకటి ఉంది. అది జపాన్ మెదడువాపు. మనదేశంలో మనుషుల్లో దాన్ని మొదట గుర్తించింది 1955లో, వెల్లూరులో. అదే ఏడు డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది. రెంటికీ సంబంధం లేదు గానీ దూరపు చుట్టరికం లేకపోలేదు. ఆ వైరస్‌ని మోసే క్యూలెక్స్ దోమ పుట్టేది వరిమడి నీళ్ళలో. కొంగల్లోనూ పందుల్లోనూ వైరస్ పెరుగుతుంది. 1967లో సాగర్ నీళ్ళు వదిలాక మెట్టపంటల పల్నాటిలోనూ కుడికాలువ కింద వరిమళ్ళు పడ్డాయి. అన్నం పెట్టిన కాలువని నేను తప్పుపట్టడం లేదు సుమండీ!

వైరస్ సోకినవాళ్ళలో 250 మందికి ఒకరికే జబ్బు తేలుతుంది. ఆ ఒకరికి మాత్రం తీవ్రజ్వరం, ఫిట్లు, తెలివి తప్పడం. అలా జబ్బుపడ్డవాళ్ళలో నూటికి 30 మంది దాకా పోవచ్చు. బతికినవాళ్ళలో కొందరికి మెదడు లోపలి థాలమస్ దెబ్బతిని ఉంటుంది. ఒళ్ళు పంపే కబుర్లన్నీ పైమెదడుకి చేరేముందు ఆగే బస్టాండు అది. దాని పక్కనే కదలికల్నీ, తొందరపాటునీ అదుపుచేసే కణాల గుంపులున్నాయి. అవీ దెబ్బతింటే చెయ్యాలనిపించడానికీ, చేసెయ్యడానికీ మధ్య ఉండే బ్రేకు సడలుతుంది. కోపం, మతిమరుపు, కుదురులేనితనం అక్కణ్ణించే.

కాలో చెయ్యో చచ్చుబడితే చూసినవాళ్ళు అయ్యో అంటారు. బ్రేకు పోతే తల్లి పెంపకాన్ని అంటారు.

ఈ జబ్బుకి టీకా ఉంది. 2006 నుంచి ప్రభుత్వం జబ్బు ఎక్కువగా వచ్చే జిల్లాల్లో వేయిస్తోంది. 2013లో హైదరాబాదు భారత్ బయోటెక్ వాళ్ళు కోలారులో దొరికిన వైరస్ రకంతోనే ఒక టీకా తయారుచేశారు. టీకా ముందు మాట. జబ్బు వచ్చిపోయిన పిల్లవాణ్ణి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళితే, వాడి అల్లరితో మొదలెట్టకండి. జ్వరంతో మొదలెట్టండి. ఏ నెలలో వచ్చింది, ఫిట్లొచ్చాయా, ఎన్నాళ్ళు తెలివి లేకుండా ఉన్నాడు, అంతకుముందు ఎలా ఉండేవాడు. డాక్టరుకి ముందు కావలసింది ఆ వివరాలే.