ఆలయ మండపము ఎవరిది?



స్వామివారి కరుణచేత మన గ్రామ శివాలయ జీర్ణోద్ధరణము పూర్తియై, మహాకుంభాభిషేకము జరుగుచున్న ఈ శుభ సమయమున, ఈ సంచికకు నాలుగు మాటలు వ్రాయవలసినదిగా ఆలయ సంఘమువారు నన్ను కోరినారు. నిర్మాణ వివరములను, దాతల ఔదార్యమును తక్కిన పుటలలో మీరు చదివెదరు. నేను మన ఆలయములోని ఒక్క భాగమును గూర్చి మాత్రమే విన్నవించెదను. అది నందీశ్వరునికి ఈవలనున్న పదునారు స్తంభముల మండపము.

పనులు జరుగుచున్న దినములలో ఒక బాలుడు నన్నిట్లు అడిగినాడు: "సామీ! లోపలి గది దేవుడిది. పక్క గది వంటకి. మరి ఈ మండపం ఎవురిది?" వేదాధ్యయనము చేసి, నలుబది ఏండ్లకు పైగా అర్చకత్వము నెరపిన నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

మన పెద్దలు ఆలయమును కట్టునపుడు గర్భాలయమును చిన్నదిగాను, మండపములను విశాలముగాను కట్టిరి. గర్భాలయమున అర్చకుడొక్కడు నిలిచిన చాలును. మండపమున ఊరంతయు కూర్చుండవలెను. మనకు సమీపమందలి శ్రీకాళహస్తి క్షేత్రమున శ్రీకృష్ణదేవరాయలు 1516 ప్రాంతమున మహాగోపురముతోపాటు నూరు స్తంభముల మండపమును గూడ కట్టించెను. ఉత్సవమూర్తులు వేంచేయుటకును, విద్వాంసులు, కళాకారులు తమ విద్యను స్వామి ఎదుట సమర్పించుటకును, జనులు దానిని చూచి విని తరించుటకును మండపము ఏర్పడినది. చిన్న గ్రామములలో ఇదే పని చిన్న మండపములు చేసినవి. వినుట, చేయుట, కలసి కూర్చుండుట అను మూడు పనులు అక్కడ జరుగుచుండెడివి. నేటివారు వీనినే ప్రసంగములనియు, చేతిపనుల శిక్షణ యనియు, కుటుంబ కార్యక్రమములనియు వేరు వేరు పేర్లతో పిలుచుచున్నారు. నాడు మూడింటికి ఒకే చోటు, ఒకే దీపము.

మొదట వినుటను గూర్చి చెప్పెదను. 11వ శతాబ్దమున రాజరాజ నరేంద్రుని కోరికపై నన్నయభట్టు ఆరంభించిన భారతాంధ్రీకరణమును 13వ శతాబ్దమున తిక్కన, 14వ శతాబ్దమున ఎఱ్ఱన పూర్తిచేసిరి. చదువు రాని కోట్ల జనులకు ఈ మహాగ్రంథము చేరినది పుస్తకము ద్వారా కాదు, పురాణ కాలక్షేపము ద్వారానే. ఒకరు పద్యము చదువగా మరియొకరు అర్థము చెప్పెడివారు. ఆ పిమ్మట హరికథ వచ్చి సంగీతమును, నృత్యమును కథకు జోడించినది. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) దానిని మహోన్నత స్థితికి తెచ్చి హరికథా పితామహులని కీర్తినందిరి.

2022లో విభజింపబడుటకు పూర్వమున్న మన చిత్తూరు జిల్లాలో ఈ సంప్రదాయము మరింత విస్తరించినది. పుత్తూరు, శ్రీకాళహస్తి మొదలగు చోట్లను, పెక్కు పల్లెలలోను ద్రౌపదీ ధర్మరాజుల ఆలయములు కలవు. అచ్చట జరుగు భారత మహోత్సవములను మీలో అనేకులు చూచియుందురు. సాధారణముగా పదునెనిమిది దినములు మధ్యాహ్నము హరికథా భాగవతులు కథ చెప్పుదురు. పగలు విన్న కథనే రాత్రి వీథినాటకముగా ఆడుదురు. బకాసుర వధ నాడు భీమ వేషధారి బండిపై ఊరేగును, పిల్లలు వెంట పరుగిడుదురు. అర్జున తపస్సు నాడు వేషధారి పొడవైన తపస్సు మ్రానును పద్యములు పాడుచు ఎక్కును, సంతానము కోరు స్త్రీలు క్రింద సాగిలపడుదురు. చివరి దినమున నేలపై మట్టితో చేసిన మహాకాయుడైన దుర్యోధనుని వధ జరుగును, సాయంకాలము అగ్నిగుండ ప్రవేశము. యోచించి చూడుడు. ఇందులో కథ చెప్పువాడు కలడు, మట్టి బొమ్మను మలచువాడు కలడు, వేషము కట్టు రైతు కలడు, బిడ్డను చంకనెత్తుకొని వచ్చు తల్లి కలదు. వీరిలో ఎవ్వరును కేవలము ప్రేక్షకులు కారు.

ఇక చేయుటను గూర్చి. శ్రీకాళహస్తి కలంకారీని ఎరుగనివారు లేరు. దాని పుట్టుకకు ఆలయముతో గాఢమైన సంబంధము కలదు. రామాయణ భారత కథలను వస్త్రముపై వరుసగా వ్రాసి, ప్రతి ఘట్టము క్రింద తెలుగున వివరము వ్రాసి, ఆలయములందు వ్రేలాడగట్టెడివారు. అది చూచు పురాణము. ఆ పని యెంత ఓర్పుతో కూడినదో తెలిసికొనుడు. నూలు బట్టను కరక్కాయ కలిపిన గేదె పాలలో నానబెట్టి ఎండబెట్టుదురు. పాలలోని క్రొవ్వు వలన రంగు చెదరక గీచినచోటనే నిలుచును. చింతబొగ్గుతో మొదటి రేఖలు గీయుదురు. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో వారముల తరబడి ఊరవేసిన ద్రవము, కరక్కాయలోని వగరుతో కలిసి నల్లని రంగగును. పటిక పూసిన చోట వేళ్ళతోను, చెక్కలతోను కాచిన రంగు ఎర్రగా పట్టును. వెదురు పుల్లకు గుడ్డ చుట్టినదే కలము. నడుమ నడుమ బట్టను పారు నీటిలో జాడింపవలెను. స్వర్ణముఖీ నది ఆ పనికి ఆధారమైనది.

ఇంతటి విద్య ఇరవయ్యవ శతాబ్దపు మధ్యకాలమునకు ఆదరణ లేక దాదాపు అంతరించు స్థితికి వచ్చినది. ఆ సమయమున అఖిల భారత హస్తకళల మండలికి నాయకత్వము వహించిన కమలాదేవీ చట్టోపాధ్యాయగారి ప్రోత్సాహముతో 1950ల చివర శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రము ఏర్పడినది. విద్య తెలిసిన జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అచ్చట యువకులకు నేర్పిరి. వారి కుమారులు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ పురస్కారము లభించినది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది.

పాఠకులారా! ఇచ్చట ఒక విషయమును గమనింపుడు. అదే క్షేత్రమున రాయలు కట్టించిన మహాగోపురము 2010 మే 26న కూలిపోయినది. భక్తుల హృదయములు బ్రద్దలైనవి. అయినను ఏడేండ్లలోపల నూతన గోపురము లేచి, 2017లో కుంభాభిషేకము జరిగినది. గోపురము పడినను ధనమును, శిలయు, శిల్పులును ఉన్న తిరిగి లేచును. విద్య పడిపోయిన నాడు దానిని లేపుటకు, తెలిసిన ఒక్క మనిషియైనను బ్రతికి యుండవలెను, నేర్చుకొనుటకు కూర్చుండువారు ఉండవలెను. కలంకారీకి ఆ భాగ్యము కలిగినది. మన పల్లెలలో ఎన్ని విద్యలకు కలుగలేదో!

ఇప్పుడు నా తప్పును నేను చెప్పుకొనవలసియున్నది.

మా తండ్రిగారు ఈ మండపమున ప్రతి ఆదివారము అభిషేకానంతరము భారతము చెప్పెడివారు. కూలికి పోవువారికి అదియే తీరిక. నేను వారి ప్రక్కన కూర్చుండి పద్యము చదివెడివాడను. ఒకనాడు సభాపర్వము జరుగుచుండగా మేకలు కాచుకొను ఒక ముదుసలి లేచి, ద్రౌపదిని సభకు ఈడ్చినపుడు భీష్ముడేల పలుకలేదని అడిగినది. ధర్మము మిక్కిలి సూక్ష్మమైనదని భీష్ముడు చెప్పినట్లు మా తండ్రిగారు వివరించిరి. ఆమె ఊరకుండక, "సూక్ష్మమైతే సన్నంగా అయినా చెప్పాల గదా సామీ" అన్నది. సభ అంతయు నిశ్శబ్దమైనది. మా తండ్రిగారు పుస్తకము మూసి, "అమ్మా! నీ ప్రశ్నకు వచ్చే వారం చెప్తాను" అనిరి. మూడు వారములు ఆ ఒక్క ప్రశ్నపైననే ప్రసంగము నడచినది. అక్షరము రాని తల్లి ఘనాపాఠికి పాఠము చెప్పగలిగిన చోటు మండపము.

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణ ధారావాహిక ఆరంభమైనది. అదియు ఆదివారము ఉదయముననే. ఊరంతయు పెట్టె ముందు చేరినది. ఆ వేళకు మా తండ్రిగారు వృద్ధులగుటచే పురాణభారము నాపై పడియుండెను. మండపమున నలుగురైదుగురు మిగిలిరి. నాకు అభిమానము దెబ్బతిన్నది. వినువారు లేనపుడు చెప్పుట యెందుకని మానివేసితిని. 1988 జూలైలో ఆ ధారావాహిక ముగిసిన పిమ్మట కొందరు పెద్దలు వచ్చి, "ఇంక మొదలుపెట్టు సామీ" అని అడిగిరి. చూతమని పంపివేసితిని. ఆ అక్టోబరులో మహాభారత ధారావాహిక వచ్చినది. నేను మండపమునకు తాళము వేసితిని. తరువాత అందులో ఎరువుల మూటలు, విరిగిన వాహనముల కొయ్యలు చేరినవి. మా తండ్రిగారు నన్నొక్క మాటయు అనలేదు. ప్రతి ఆదివారము వచ్చి, మూసిన తలుపు ముందు కొంతసేపు కూర్చుండి వెడలెడివారు. దూరదర్శన్ కథను ఇంటింటికి చేర్చినది, దానిని నిందింపను. అయితే ఆ పెట్టెను ప్రశ్న అడుగుట సాధ్యము కాదు. ప్రశ్న అడుగు చోటును మూసినవాడను నేను.

ఈ జీర్ణోద్ధరణమునకై స్వామివారిని బాలాలయమున నిలిపినపుడు మండపమును ఖాళీ చేయవలసి వచ్చినది. అష్టబంధనపు ద్రవ్యములను అచ్చటనే దంచితిమి. మూర్తిని పీఠముతో బంధించు ఈ ముద్దలో లక్క, గుగ్గిలము, తేనెమైనము, కావిరాయి, ఎర్ర ప్రత్తి, సున్నపురాతి పొడి, ఇంగిలీకము, గేదె వెన్న చేరును. ఆగమ సంప్రదాయమును బట్టి కొలతలలో కొలది భేదములు కలవు. గంటల తరబడి దంచిన గాని అది మెత్తబడదు, మెత్తబడినది ఆరిన పిమ్మట రాతివలె గట్టిపడును. మొదట స్థపతిగారి మనుష్యులు ఇద్దరే దంచిరి. మరునాడు బడి పిల్లలు చూడవచ్చిరి. వారిని వెదకుచు తల్లులు వచ్చిరి. ప్రత్తిని చూచిన ముసలమ్మలు వత్తులు చేయుట మనుమరాండ్రకు చూపిరి. కుమ్మరి పెద్ద యాగశాలకు కావలసిన మట్టి పాత్రలను అక్కడనే చేసి, పిల్లల చేత గూడ మట్టి పట్టించినాడు. లక్క ఎచ్చటినుండి వచ్చునని ఒక పిల్ల అడుగగా నేను చెప్పుట ఆరంభించితిని. చెప్పుచు చెప్పుచు లక్కయింటి కథలోనికి పోతిని. దీపము పెట్టు వేళ దాక ఎవ్వరును లేవలేదు. ఇన్నేండ్ల పిమ్మట నేను ఆ మండపమున భారతము చెప్పుచున్నానని నాకు తరువాతనే స్ఫురించినది.

కనుక ఆ బాలుని ప్రశ్నకు నా సమాధానమిది: మండపము అడుగువారిది, నేర్పువారిది, కలసి కూర్చుండువారిది.

కుంభాభిషేకానంతరము మండపమునకు ఇనుప కమ్ములు బిగించి భద్రపరచవలెనని కొందరును, అంగళ్ళకు అద్దెకిచ్చి ఆదాయము పెంచవలెనని కొందరును సూచించినారు. వారి శ్రద్ధను నేను తక్కువ చేయను. దొంగల భయము నిజమే, నిత్యదీపమునకు ధనము అవసరమే. అయినను చేతులు జోడించి నా విన్నపమును చేయుచున్నాను. మండలాభిషేకము జరుగు 48 దినములును సాయంకాలము మండపము తెరచియుంచుడు. దినమునకొక వీథివారు కుటుంబములతో వచ్చి కూర్చుండుడు. పూలు కట్టుట, వత్తులు చేయుట, ముగ్గులు వేయుట, చాప అల్లుట, మట్టి వినాయకుని మలచుట, ఏది తెలిసినవారు దానిని పిల్లలకు నేర్పుడు. పిదప అరగంట కథ, అరగంట ప్రశ్నలు. ఏ కులమువారైనను, ఏ వయస్సువారైనను అడుగవచ్చును. ఆ 48 దినములలో మండపము నిండనిచో సంఘమువారి నిర్ణయమునకు నేను తలవంచెదను. నిండినచో కమ్ముల మాట మరచిపొండు.

అష్టబంధనము మూర్తిని పీఠముతో బంధించును. ఊరిని ఆలయముతో బంధించునది మండపము. దాని తాళపుచెవి ఇన్నాళ్ళు నా మొలను ఉండినది. కుంభాభిషేకము నాడు దానిని స్వామి పాదముల చెంత ఉంచి, మీ చేతికి అప్పగించెదను. తిరిగి నాకీయవద్దు.

సకల జనులకు శుభమగుగాక! స్వస్తి.